తుంబురుకోన ఏకాంతవాసిని: తరిగొండ వెంగమాంబ

మంగళగిరి కొండమీది పానకాలస్వామి గుడి ప్రొద్దు గ్రుంకకమునుపే మూయబడునని మన విద్యార్థులందఱు ఎఱుగుదురు. పగలంతయు పానకపు బిందెలతో మెట్లెక్కు యాత్రికుల సందడితో నిండియుండు ఆ కొండ సాయంకాలమగునప్పటికి నిర్జనమగును. రాత్రివేళ అచ్చట దేవతలు పూజ సేయుదురనియు, అప్పుడు మనుష్యులుండరాదనియు ఊరి పెద్దలు చెప్పుదురు. ఆ నమ్మకమును గూర్చి ఎవరి తలంపు ఎట్లున్నను, చీకటిపడిన పిమ్మట కొండకును అడవికిని తమదైన నెమ్మది యొకటి కలదనియు, దానిని గౌరవింపవలెననియు తెలుపు సుబుద్ధి అందు ఇమిడియున్నది.

మన కృష్ణా డెల్టాలో వరిచేలు, కాలువగట్లు, తాటితోపులు కలవు గాని కీకారణ్యములు లేవు. అందుచేత రాత్రి అడవిలో ఒంటిగా కూర్చుండుట యనగానే మన పిల్లలకు దయ్యముల కథలును దొంగల కథలును జ్ఞప్తికి వచ్చును. కాని తెలుగుదేశమున ఒక స్త్రీ అట్టి యడవిలో, కొండగుహలో, ఏండ్ల తరబడి రాత్రులు గడపెను. మేలుకొనియున్న మనస్సుతో అచ్చట కూర్చుండి, తిరిగి జనులలోనికి వచ్చి, గ్రంథములు వ్రాసి, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టెను. ఆమెయే తరిగొండ వెంగమాంబ. ఆమె చరిత్రము మన బాలబాలికలకును వారి తలిదండ్రులకును తెలియదగినదని యెంచి, దానిని ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వెంగమాంబ 1730వ సంవత్సరమున, గుఱ్ఱంకొండకు సమీపముననున్న తరిగొండ గ్రామమున జన్మించెను. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. ఆ యూరి దేవుడు లక్ష్మీనరసింహస్వామి. మన మంగళగిరిలో వెలసినవాడును నరసింహస్వామియే కదా. ఆ కాలము నెమ్మదియైన కాలము కాదు. కడప నవాబులు, మైసూరు హైదరాలీ, టిప్పు సుల్తాను, నైజాము ఒకరి తరువాత నొకరు ఆ సీమపై అధికారము చెలాయించిరి. 1800లో నైజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీవారికి అప్పగించినప్పుడు గుఱ్ఱంకొండ సీమయు వారి పాలనలోనికి పోయెను. వెంగమాంబ జీవించిన 87 ఏండ్లలో ఇన్ని దొరతనములు మాఱెను. అయినను ఆమె పడిన బాధలలో ఎక్కువభాగము దొరలవలన గాక, ఇరుగుపొరుగువలనను ఆచారమువలనను కలిగినవే.

ఆనాటి పద్ధతి ననుసరించి వెంగమాంబకు పసితనముననే పెండ్లి చేసిరి. కొలదికాలమునకే భర్త మరణించెను. సంసారమన నేమో యెఱుగని బాలిక విధవ యయ్యెను. ఆ దినములలో అగ్రజాతుల యిండ్లలో విధవ యైన స్త్రీ తల వెండ్రుకలు తీయించుకొనవలెను. బొట్టును పసుపును విడువవలెను. శుభకార్యములకు ఎదురుపడక మూలగదిలో బ్రతుకవలెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినది 1881లో. అనగా వెంగమాంబ గతించిన 64 సంవత్సరముల తరువాత. ఆమె బాల్యమున అట్టి అండ ఏదియు లేదు.

ఇచ్చట చదువరులు ఒక భేదమును గమనింపవలెను. ఒంటరితనము వేఱు, ఏకాంతము వేఱు. ఒంటరితనము ఇతరులు మనపై మోపునది. ఏకాంతము మనము కోరి తెచ్చుకొనునది. లోకము వెంగమాంబకు ఇచ్చినది మొదటిది. ఆమె దానినే రెండవదానిగా మార్చుకొనెను. ఆమె జీవితమంతయు ఈ మార్పుయొక్క చరిత్రయే యని మాకు తోచుచున్నది.

ఆమె తల వెండ్రుకలు తీయించుకొనుటకు సమ్మతింపలేదు. బొట్టును విడువలేదు. తిరుమల వేంకటేశ్వరుడే తన నాథుడనియు, కావున తనకు వైధవ్యము లేదనియు ఆమె వాదము. ఊరివారు నిందించిరి, కొందఱు ఆమెకు వెఱ్ఱి పుట్టినదనిరి. తుదకు వ్యవహారము పుష్పగిరి పీఠాధిపతి సమ్ముఖమునకు పోయెను. అంతటి గురువు ఎదుటను ఆమె తన మాటను మార్చుకొనలేదు. ఈ సంవాదమునకు జనులు అనేకాద్భుతములను చేర్చి చెప్పుదురు. ఆ యద్భుతములను ప్రక్కన నుంచినను, దిక్కులేని యొక బాలవితంతువు పీఠాధిపతి యెదుట తలయెత్తి తన పక్షమును చెప్పుకొనుటయే మిక్కిలి యాశ్చర్యకరమైన విషయము.

తండ్రి ఆమెను మదనపల్లెలోని సుబ్రహ్మణ్యదేశికుడను గురువు కడకు చేర్చెను. ఆయన ఆమెకు యోగమార్గము నుపదేశించెను. చిన్ననాట ఏ యుపాధ్యాయుని చెంతను తాను ఓనమాలైనను నేర్వలేదని ఆమె తన గ్రంథమున చెప్పుకొనినది. అయినను తరిగొండలో నున్నప్పుడే నృసింహశతకము, నృసింహవిలాసకథ, శివనాటకము, బాలకృష్ణనాటకము, రాజయోగామృతసారము అను కృతులను రచించెను. బడికి పోయి, పలకయు పుస్తకమును చేతబట్టి, ఉపాధ్యాయులచే చెప్పించుకొనుచున్న మన విద్యార్థులు ఈ సంగతిని ఒకమాఱు తలపోయవలెను.

ఇంటిలో పదిమంది కన్నులు ఎల్లప్పుడు ఆమెమీదనే యుండెను. కూర్చుండుటకు ఒక చోటు కావలెను. తరిగొండ గుడిలో ఆంజనేయస్వామి విగ్రహము వెనుక కొంచెము చాటుండెడిది. ఆమె అచ్చటకు పోయి, ఎవరికంటను పడకుండ, ధ్యానమున కూర్చుండెడిదని చెప్పుదురు. ఒకనాడు అర్చకుడు ఆమెను కనిపెట్టి, అవమానించి వెలుపలికి ఈడ్చెనట. ఒక స్త్రీ ఎవరికిని అపకారము చేయక, ఏమియు నడుగక, మూల నొదిగి మౌనముగా కూర్చుండుట అంత నేరమెట్లయ్యెనో యోచింపవలసిన విషయము. ఆ పిమ్మట ఆమె తరిగొండను విడిచి తిరుమలకు ప్రయాణమయ్యెను.

ఆనాటి తిరుమలను నేటి తిరుమలగా భావింపరాదు. కొండమీదికి మోటారు బండ్లు పోవు ఘాట్‌రోడ్డు 1944లో ఏర్పడినది. అంతవఱకు యాత్రికులు మెట్లదారిని నడచియో, డోలీలలోనో పోవలసియుండెను. గుడిచుట్టు నాలుగు మాడవీధులు. వానికి వెలుపల శేషాచలపు టడవి. హాథీరాం మఠమువారు ఆమెకు నీడ యిచ్చిరి. ఆమె ఒక తులసివనము వేసి, పూజకు పూలును తులసియు కూర్చుకొనుచు, పద్యములు చెప్పుకొనుచు కాలము గడపెను. కాని అచ్చటను మనశ్శాంతి దొరకలేదు. పొరుగువారు కొందఱు ఎంగిలాకులు ఆమె యింటిలోనికి విసరుచు బాధించిరని చెప్పుదురు. అప్పుడు ఆమె జనావాసమును విడిచి తుంబురుకోనకు పోయెను.

తుంబురుకోన తిరుమలకు దూరముగా, పాపవినాశనము దాటి కొన్ని మైళ్లు అడవిలో నడచిన పిమ్మట వచ్చు లోయ. రెండువైపుల నిట్టనిలువుగా ఱాతిగోడలు. నడుమ సన్నని సెలయేఱు, నీటిమడుగులు. నేటికిని సామాన్య జనులు అచ్చటకు పోవుట ఏడాదికొకసారి, ఫాల్గుణ పౌర్ణమికి జరుగు తుంబురుతీర్థ ముక్కోటి సమయముననే. తక్కిన కాలమంతయు ఆ కోన చెట్లకును జంతువులకును విడువబడియున్నది. శేషాచలమునందు ఎఱ్ఱచందనపు వృక్షములు కలవు. చిఱుతపులులు, ఎలుగుబంట్లు, కణుజులు, దేవాంగపిల్లులు కలవు. రాత్రివేళ ఱాతిసందులనుండి వెలువడు బంగారుబల్లి అను అరుదైన ప్రాణియు కలదు. ఈ యడవిలో కొంతభాగమును ప్రభుత్వమువారు 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయవనముగా ప్రకటించిరి. 2010లో శేషాచలము జీవావరణ పరిరక్షణ మండల మయ్యెను. ఇట్టి చోట, ఒక గుహలో, వెంగమాంబ ఆఱేండ్లు నివసించెనని పరంపరగా వచ్చిన మాట.

పట్టణవాసులమైన మనకు అడవిలోని రాత్రి యన నిశ్శబ్దముగా నుండునని భ్రమ. అది నిజము కాదు. ప్రొద్దు క్రుంకగానే ఇలకోళ్ల రొద మొదలగును. గుడ్లగూబ పలుకును, దానికి దూరముననుండి మఱియొకటి బదులు పలుకును. ఎండుటాకులపై ఏదో నడచును. పగలు వినబడని సెలయేటి సన్నని సవ్వడి రాత్రి స్పష్టముగా వినబడును. క్రొత్తగా అచ్చట కూర్చున్నవానికి ప్రతి చప్పుడును పులియే. కొంతకాలము ఓర్పుతో కూర్చుండినవాడు ఏది గాలియో, ఏది జంతువో, ఏది తన గుండె కొట్టుకొనుటయో వేఱుపఱచి తెలిసికొనగలడు. భయము తగ్గుట ధైర్యవచనములు వల్లించుటచేత గాక, ఉన్నదానిని ఉన్నట్లు గుర్తించుటచేతనే జరుగును.

కన్నుల విషయమును అట్టిదే. వెలుతురునుండి చీకటిలోనికి వచ్చిన కన్ను దానికి పూర్తిగా అలవాటుపడుటకు సుమారు అరగంట పట్టునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దీపము చేతబట్టుకొనినవానికి ఆ వెలుగు పడినంత మేరయే కనబడును. దానికి ఆవల నంతయు నల్లని గోడవలె నుండును. దీపము మలిపి ఓపికపట్టినవానికి మెల్లమెల్లగా చెట్ల ఆకారములు, బండల అంచులు, ఆకులసందున చుక్కలు కానవచ్చును. చీకటి తగ్గలేదు, చూచువాడు సిద్ధమైనాడు.

వెంగమాంబ రచించిన గ్రంథములలో అష్టాంగయోగసారము ఒకటి. యమము, నియమము, ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి యని యోగమునకు ఎనిమిది యంగములు. వీనిలో ప్రత్యాహార మనగా బయటికి పరుగులిడు ఇంద్రియములను లోనికి మరలించుట. బజారునడుమ నున్నవానికి ఇది మిక్కిలి కష్టము. కోనలోని చీకటి దానికి సహాయము చేయును. చూచుటకు వస్తువులు లేవు, మాటలాడుటకు మనుష్యులు లేరు, నిందించుటకు పొరుగువారు లేరు. మిగిలినది తన శ్వాసయు, తన తలంపులును, తాను నమ్మిన దైవమును. అట్టిచోట కోపమును ద్వేషమును గూడ వెంటతెచ్చుకొనినవాడు వానితోనే రాత్రియంతయు గడపవలసివచ్చును. తన్ను బాధించినవారిమీది కసితో వెంగమాంబ ఆ గుహలో కూర్చుండియుండినచో, ఆ తరువాతి ఆమె జీవితము వేఱొక రీతిగా నుండెడిది. ఆమె కోనలో ఏమి చేసినదో తెలిసికొనుటకు, కోననుండి వచ్చి ఏమి చేసినదో చూచుటయే సరియైన మార్గము.

ఆమె ప్రతిరాత్రి కోననుండి బిలమార్గమున గుడికి వచ్చి స్వామిని సేవించెడిదనియు, అది తెలిసికొనిన తిరుమలవారు పశ్చాత్తాపపడి ఆమెను గౌరవముతో మరల పిలుచుకొనిరనియు కథ కలదు. మార్గమెట్టిదైనను, ఆమె మరల తిరుమల చేరి, తన్ను వెడలగొట్టినవారి నడుమనే తక్కిన జీవితమును గడపెను. ద్విపదభాగవతము, వాసిష్ఠరామాయణము, విష్ణుపారిజాతము, రమాపరిణయము, ముక్తికాంతావిలాసము, వేంకటాచలమాహాత్మ్యము మొదలైన గ్రంథములు ఆమె తిరుమలలో రచించినవే. ఒకవైపు యోగమును గూర్చియు జ్ఞానమును గూర్చియు వ్రాయుచు, మఱియొకవైపు పామరులు సైతము పాడి యాడుకొనదగిన యక్షగానములను ఆమె వ్రాసెను. ఒంటిగా నుండుట నేర్చినవారు జనులకు దూరమగుదురను మాట వెంగమాంబ విషయమున చెల్లదు.

దాతలు తనకిచ్చినదానిని ఆమె తనకొఱకు దాచుకొనలేదు. కొండకు వచ్చు యాత్రికులకు అన్నమును, దాహమునకు నీళ్లును ఇప్పించుచుండెడిది. దీనిని స్మరించియే తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2011లో తెఱచిన గొప్ప భోజనశాలకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాదకేంద్రమని పేరిడిరి. ఒకనాడు తన యింట ఎంగిలాకులు పడిన స్త్రీ పేర, నేడు దినదినము వేలకొలది యాత్రికులకు విస్తళ్లు పఱచబడుచున్నవి.

తిరుమల గుడిలో రాత్రి తలుపులు మూయుటకు ముందు జరుగు కట్టకడపటి సేవకు ఏకాంతసేవ యని పేరు. అప్పుడు తాళ్లపాక అన్నమాచార్యుల వంశమువారు జోలపాట పాడుదురు. వెంగమాంబ పేర ముత్యాలహారతి యిత్తురు. ఒక పళ్లెరమున ముత్యములను కూర్చి యిచ్చు హారతి గనుక దాని కా పేరు. గుడిమూల కూర్చుండనీయక త్రోసివేయబడిన స్త్రీ పేర జరుగు ఈ హారతి, పగటి సందడియంతయు అణగిన పిమ్మట, ఏకాంతమను పేరుగల సేవలోనే జరుగుట గమనింపదగినది.

వెంగమాంబ 1817వ సంవత్సరమున పరమపదించెను. ఆ సంవత్సరముననే, సముద్రములకు ఆవల అమెరికాదేశమున, కంకార్డు అను ఊర, హెన్రీ డేవిడ్ థోరో అను గ్రంథకర్త జన్మించెను. అతడు 1845లో వాల్డెన్ అను చెఱువు గట్టున అడవిలో చిన్న కుటీరము కట్టుకొని, రెండేండ్ల రెండు నెలలు అందు నివసించి, ఆ యనుభవములను 1854లో గ్రంథముగా ప్రకటించెను. అడవిలోని ఏకాంతమును గూర్చి ప్రస్తావము వచ్చినప్పుడు లోకమంతయు అతని పేరే చెప్పును. అతడు గొప్పవాడే. కాని అతడు చదువుకొనిన పురుషుడు. అతని కుటీరము ఊరికి నడచిపోదగినంత దూరమున నుండెను. అడవికి పోయినందుకు అతనిని ఎవరును కులమునుండి వెలివేయుదుమనలేదు. అతడు పుట్టకమునుపే, అక్షరము చెప్పువారైనను లేని తెలుగు వితంతువు అంతకన్న దుర్గమమైన కోనలో అంతకన్న ఎక్కువకాలము గడపినదని మనవారే ఎఱుగకుండుట విచారకరము.

మన పాఠశాలలో ప్రతి విద్యార్థియు వినియున్న విషయ మొకటి కలదు. క్రీస్తుప్రభువు పగలంతయు జనసమూహముల నడుమ నుండి, రోగుల నాదరించి, రాత్రి కొండమీదికి ఒంటిగా పోయి ప్రార్థించెడివాడు. తెల్లవాఱిన పిమ్మట మరల జనులయొద్దకే వచ్చెడివాడు. మతములు వేఱైనను, దేశకాలములు వేఱైనను, ఏకాంతమునకు పోవుటయు తిరిగివచ్చుటయు రెండును కలిసియే సంపూర్ణమగునని ఈ చరిత్రములు తెలుపుచున్నవి.

ఇంతమాత్రమున విద్యార్థులు రాత్రులయందు అడవులకు పోవలెనని మా యభిప్రాయము కాదు. 2023లో తిరుమల కాలిబాటన ఒక చిన్నబాలిక చిఱుతవాత పడి మరణించిన పిమ్మట, దేవస్థానమువారు పిల్లలను మధ్యాహ్నము దాటిన తరువాత ఆ దారిని పోనీయకుండ కట్టుబాట్లు చేసిరి. అడవి ఆటస్థలము కాదు. పెద్దల అనుమతిలేక చీకటివేళ ఊరు దాటి పోరాదు. వెంగమాంబ ఆచరించినదానిని మనము మన యింటనే కొంత ఆచరింపవచ్చును. సాయంకాలము చదువు ముగించిన తరువాత సెల్‌ఫోను లోపల నుంచి, దీపము మలిపి, పెరటిలోనో మేడమీదనో అరగంటసేపు ఊరక కూర్చుండి చూడుడు. మొదట విసుగు పుట్టును. పిమ్మట నాటి తప్పులన్నియు వరుసగా మనస్సునకు వచ్చును. ఆ పిమ్మట కన్ను చీకటికి అలవాటుపడునట్లే మనస్సును నెమ్మదించును.

తలిదండ్రులతో ఒక్కమాట. మన యిండ్లలో మగపిల్లవాడు సాయంకాలము కాలువగట్టున ఒంటిగా కూర్చున్నచో ఆలోచించుచున్నాడందుము. ఆడపిల్ల తలుపు మూసికొని ఒక్క గడియ కూర్చున్నచో ఏమైనదని పదిమారులు పిలుతుము. లేనిచో ఏదో యొక పని చెప్పుదుము. ఆమెకు కీడు కలుగకుండ కాపాడుట మన విధియే. కాని కాపాడుట వేఱు, ఆమె మనస్సునకు తనదైన యొక మూలయైనను లేకుండ చేయుట వేఱు. తరిగొండ వెంగమాంబకు విగ్రహము వెనుకనున్న ఆ కొంచెము చోటును ఊరివారు దక్కనీయలేదు. దానికొఱకు ఆమె పులులు తిరుగు కోనకు పోవలసివచ్చెను. మన కుమార్తెలకు అంతదూరము పోవలసిన గతి రాకుండ ఇంటిలోనే ఆ చోటును ఆ గడియను కల్పింపుడని తల్లులను తండ్రులను వేడుకొనుచున్నాము.

తిరుమలలో వెంగమాంబ సమాధి, ఆమె బృందావనమని పిలువబడునది, నేడు అచ్చటి ఉన్నత పాఠశాల ఆవరణమున నున్నది. ఓనమాలైనను నేర్పించుకొనని స్త్రీ చుట్టును ప్రతిదినము పిల్లలు పాఠములు చదువుచున్నారు. సాయంకాలము గంట కొట్టిన పిమ్మట వారు ఇండ్లకు పోవుదురు. ఆ యావరణము నిశ్శబ్దమగును. తిరుమలకు పోవు మన విద్యార్థులు దర్శనమైన తరువాత ఆ చోటునకును పోయి, కొంతసేపు మాటలు మాని నిలిచి రావలెనని కోరుచున్నాము.